గుండుసూదిలో నా సగం

ఈ వీధిలో చిన్నా పెద్దా ‘గుర్రాలత్త’ అని పిలిచే మనిషిని నేను. వయసు డెబ్బై రెండు. ఈ కాగితం నా చేత్తో నేనే రాస్తున్నాను. మొదటి వాక్యంలో నా తెలివి గురించి రాయాలని లాయరుగారు చెప్పారు. తెలివి సరిగ్గానే ఉంది. ఉండవలసిన రోజుల్లో లేకపోవడమే ఈ కాగితానికి కారణం. నన్నెవరూ బలవంతపెట్టలేదు, బెదిరించలేదు, మాయమాటలు చెప్పలేదు. అంత కష్టపడి కాజేసే ఆస్తి కూడా నా దగ్గర లేదు. గుండె అరిగిపోయిందనీ, ఎక్కువ రోజులు ఆగదనీ ఆస్పత్రిలో చెప్పారు. చెప్పిన డాక్టరు నా మొహం చూడకుండా గోడ మీది క్యాలెండరు చూస్తూ చెప్పాడు కాబట్టి నిజమే అయ్యుంటుంది. మా ఆయన చనిపోయిన ఏడాది నేను రాసిన పాత వీలునామా ఒకటుంది. అది ఇక చెల్లదు.

ఒకటి. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యతను మా పశువుల డాక్టరమ్మకు అప్పగిస్తున్నాను. ఆమె ఈ ఊరి పశువుల ఆస్పత్రికి వచ్చి రెండేళ్లు కాలేదు. నాకంటే నలభై ఏళ్లు చిన్నది. అయినా నన్ను నిలబెట్టి కడిగేసింది ఆమె ఒక్కతే, మిగతావాళ్లంతా వెనకాల చెప్పుకున్నారు. ఈ బాధ్యత తనకొద్దని ముందు గట్టిగానే అంది. చేతులు పట్టుకుని బతిమాలాక, “సరేనమ్మా, కానీ మీ మరిదిగారితో నేను పోట్లాడలేను. చట్టం ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకే చేస్తాను” అంది. అంతకు మించి అడిగే మొహం నాకూ లేదు.

రెండు. నా స్వార్జితమైన ఇల్లు, అంటే రెండు గదులు, వంటిల్లు, వెనక గుర్రాల శాల, శాల వెనక కంచె వేసిన మేతస్థలం, వీటన్నిటినీ మా అమ్మాయికి సర్వహక్కులతో ఇస్తున్నాను. మా అమ్మాయి కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. చేతిలో మంచి పనితనం ఉంది, అది నా పోలికే. నోట్లో మాట దాచుకునే అలవాటు మాత్రం వాళ్ల నాన్నది. కుట్టుమిషను కూడా దానికే. ఆ మిషను మీద నేను పాతికేళ్లు ఊరందరి బట్టలు కుట్టాను, గుర్రాలకు తలపట్టీలు కుట్టాను. కుడివైపు సొరుగు మోకాలితో తంతే గానీ తెరుచుకోదు. సున్నితంగా లాగితే పిడి చేతికొస్తుంది, ఇప్పటికి రెండుసార్లు వచ్చింది.

మూడు. ఇక గుర్రాల సంగతి. ఈ కాగితం ఎప్పుడైనా వాటిని చూడనివాళ్ల చేతిలో పడితే అర్థం కావాలి కాబట్టి వివరంగా రాస్తున్నాను. మావి పొట్టి గుర్రాలు. పెద్ద జాతి కుక్కంత ఎత్తుంటాయి. ముప్పై నాలుగు అంగుళాలు దాటితే పోటీలోకి రానివ్వరు. ఎంత పొట్టిగా ఉన్నా కాళ్లూ మెడా తలా మామూలు గుర్రానికి ఉన్నట్టే తూకంగా ఉండాలి. ముప్పై మూడేళ్ల కింద మా ఆయనా, ఆయన తమ్ముడూ కలిసి బొత్తాం అనే పోతుగుర్రాన్ని కొన్నారు. అది ముప్పై అంగుళాలు కూడా లేదు. అన్నదమ్ములిద్దరూ ఆ రోజే ఒక ఒప్పందం రాసుకున్నారు: బొత్తాం, దాని సంతతి యావత్తూ ఇద్దరికీ చెరిసగం. అమ్మాలన్నా, ఎవరికైనా ఇవ్వాలన్నా, వాటికి ఏ వైద్యం చేయించాలన్నా ఇద్దరి సంతకాలూ కావాలి. దాటించడానికి, అంటే జతకట్టించడానికి, మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేదు. శుభమా అని పిల్లల్ని పుట్టిస్తుంటే దానికి అడ్డుచెప్పేవాళ్లెవరుంటారని వాళ్లకు తోచలేదు.

మా ఆయన పోయి పన్నెండేళ్లయింది. ఆయన సగం నాకు వచ్చింది. ఈనాటికి ఆ సంతతిలో మా శాలలో మిగిలినవి నాలుగు. బొత్తాం మనవడు గుండుసూది, వయసు పద్నాలుగు, ఎత్తు ఇరవై తొమ్మిది అంగుళాలు. గవ్వ అనే ఆడగుర్రం, ప్రస్తుతం నిండు చూలుతో ఉంది. ఈనే వయసు దాటిపోయిన ముసలి జంట, అక్కాచెల్లెళ్లు. వీటన్నిటిలోనూ నా సగం వాటాను మా అమ్మాయికి దఖలు పరుస్తున్నాను. ఎందుకు దానికే అన్నది కింద చెబుతాను. అది చదివేటప్పటికి నా మీద కోపం తెచ్చుకుంటుందని కూడా తెలుసు.

నాలుగు. ఇది ఆస్తి కాదు. అయినా ఇందులో రాయకపోతే మిగతాదంతా వట్టి సామాన్ల జాబితా అవుతుంది.

బొత్తాం రక్తంలో ఒక దోషం ఉంది. మరుగుజ్జు దోషం అంటారు. పొట్టిగా ఉండటం వేరు, మరుగుజ్జు కావడం వేరు. తల్లీతండ్రుల్లో ఒకరిలోనే దోషముంటే పిల్ల పైకి బాగానే ఉంటుంది. మా శాలలోనైతే అలాంటివే ఇంకాస్త పొట్టిగా, ఇంకాస్త ముద్దుగా పుట్టేవి, వాటినే మేం దాచుకుని దాటించేవాళ్లం. ఇద్దరిలోనూ దోషముంటే నాలుగింట ఒక పిల్లకి అది పూర్తిగా దిగుతుంది. ముంగాళ్లు వంగిపోతాయి, నుదురు ఉబ్బుతుంది, కింది దవడ ముందుకు పొడుచుకొస్తుంది, పైపళ్లకూ కిందిపళ్లకూ పొంతన ఉండదు. ఊపిరి తీస్తే గొంతులో ఈల వేసినట్టు చప్పుడు. కొన్ని గంటలు బతుకుతాయి, కొన్ని నెలలు బతుకుతాయి. నెలలు బతికేవాటినే చూడలేం.

మొదట్లో మాకిదంతా తెలియదు. తల్లి సరిగ్గా తినలేదనుకున్నాం, నీళ్లు పడలేదనుకున్నాం. పదకొండేళ్ల కింద వెంట్రుకలు పంపితే ఈ దోషముందో లేదో చెప్పే పరీక్షశాల ఉందని తెలిసింది. అప్పటికి గుండుసూదికి మూడేళ్లు. జూలు భుజాలు దాటి పట్టులా జారేది. కుదుళ్లతో సహా ముప్పై వెంట్రుకలు పీకి పంపమని ఫారం మీద రాసుంది. పది రోజుల్లో పెద్ద పోటీ ఉంది. పీకితే మెడ మీద బోసిగా కనబడుతుందని, బట్టలు కోసే కత్తెరతో అడుగుభాగం నుంచి ముప్పై వెంట్రుకలు కత్తిరించి కవర్లో పెట్టాను. పోటీలో గెలిచింది. కాగితం తరువాత వచ్చింది. అందులో ఉన్నది రెండు లైన్లు: వెంట్రుకలకు కుదుళ్లు లేనందున పరీక్ష జరపడం వీలుపడలేదు, మళ్లీ పంపగలరు.

మొదటి చూపులో సరిగ్గా చదవలేదని చెప్పుకోవచ్చు. చదివాను. వచ్చే వారం పంపుదామనుకున్నాను. ఈలోగా దాని పిల్లలు కావాలని జనం ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అడిగినవాళ్లకు పరీక్ష చేయించామని చూపించాను. కాగితం కింద పరీక్షశాల ముద్ర పెద్దగా ఉంటుంది. అందరూ ముద్ర చూసి తలూపారు. పదకొండేళ్లలో దాన్ని చదివింది డాక్టరమ్మ ఒక్కతే. వచ్చిన మొదటి రోజే శాలలో నిలబడి, కళ్లజోడు సర్దుకుని, “అమ్మా, ఇది మీరు చదివే చూపిస్తున్నారా?” అంది. కవరు వెనక్కి తీసుకుని మేత బకెట్టు అందుకున్నాను.

పోయిన ఏడాది ఆమె పట్టకారుతో అన్నిటి వెంట్రుకలూ కుదుళ్లతో పీకి పంపింది. గుండుసూదిలో దోషముంది. గవ్వలోనూ ఉంది. ఫలితం వచ్చేసరికి ఆ రెంటినీ జతకట్టించి మూడు వారాలైంది. గవ్వ తాడు పట్టుకున్నది నేనే, గుండుసూది తాడు పట్టుకున్నది మా మరిది. శాలలో అందరికంటే పొట్టివి ఆ రెండే కాబట్టి ఆ జతే కట్టించాం. మొదట్లోనే ఆ చూలు తీయించవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఒప్పందం ప్రకారం ఇద్దరి సంతకాలూ కావాలి. నేను పెట్టాను. మా మరిది పెట్టలేదు. “నాలుగింట మూడు మనవైపే కదా వదినా, ఎందుకంత బెంగ?” అన్నాడు. గుండుసూదికి విత్తులు తీయించేద్దామని మూడుసార్లు కాగితం తీసుకెళ్లాను. మొదటిసారి కాఫీ ఇచ్చాడు, రెండోసారి మాట మార్చాడు, మూడోసారి తలుపు తీయలేదు.

లాయరుగారిని అడిగాను, నా సగానికైనా నేను చేయించుకోవచ్చా అని. ఆయన చాలాసేపు నవ్వు ఆపుకుని, గుర్రాన్ని ఆ లెక్కన విభజించడం కుదరదమ్మా అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఐదు. అమ్మాయీ, ఇది నీకు. నీకు తొమ్మిదేళ్లప్పుడు బొత్తాంకి పుట్టిన పిల్లని నువ్వు ఒళ్లో పెట్టుకుని సీసాతో పాలు పట్టేదానివి. ముద్ద అని పేరు పెట్టావు. దాని ముంగాళ్లకు నీ పాత గౌను చింపి కట్లు కట్టావు. నాలుగు నెలలు బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేదానివి. ఒకరోజు నువ్వు వచ్చేసరికి అది లేదు. పెద్ద పచ్చికబయలున్న వాళ్లకు ఇచ్చామని చెప్పాను. వాళ్ల అడ్రసు అడిగావు. పోయిందన్నాను. ఉత్తరం రాస్తానన్నావు. రాశావు కూడా. ఆ ఉత్తరాన్ని పోస్టు చేస్తానని తీసుకున్నాను.

పచ్చికబయలు లేదు. అప్పటి డాక్టరు మధ్యాహ్నం వచ్చి సూదిమందు వేశాడు. తల నా ఒడిలోనే ఉంది. అప్పటికి అది పాలు మింగలేకపోతోంది, ఊపిరి పీల్చడానికే దాని బలమంతా సరిపోయేది. ఆ పని తప్పు కాదు. నీతో చెప్పకపోవడం తప్పు. నువ్వు ఏనాడో కనిపెట్టేశావని నాకు తెలుసు. పన్నెండేళ్లు వచ్చాక శాలలో అడుగుపెట్టడం మానేశావు, నేనూ ఎందుకని అడగలేదు. ఇన్నేళ్లూ ఇద్దరం ఒకే ఇంట్లో ఆ సంగతి పక్కనుంచి తప్పుకుని నడిచాం.

అందుకే గుండుసూదిలో నా సగం నీకు. ఆ గుర్రమంటే నీకు ఇష్టమని కాదు. మీ బాబాయి వచ్చి కూర్చుని, నాన్నని తలుచుకుని కళ్లు తుడుచుకుంటే నేను మెత్తబడతాను. నువ్వు మెత్తబడవు. విత్తులు తీయించే కాగితం మీద నీ సంతకం ముందే పెట్టి ఆయనకు పంపు. ఆయన పెట్టకపోతే మళ్లీ పంపు. ఆయన గుండుసూదిని ఎక్కడికైనా తోలుకెళ్లి దాటిస్తే నువ్వు చేయగలిగింది ఏమీ లేదు. పుట్టిన పిల్లను అమ్మే కాగితం మీద సంతకం పెట్టకుండా ఉండటం ఒక్కటే నీ చేతిలో ఉంటుంది. ఇంత పనికిమాలిన అధికారాన్ని ఎవరికైనా రాసిస్తున్నందుకు సిగ్గుగా ఉంది. క్షమించు అని రాయడానికి మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

ఆరు. ఈతల రిజిస్టరును డాక్టరమ్మకు ఇస్తున్నాను. దానిమీద సర్వహక్కులూ ఆమెవే. ఏ పిల్ల ఏ తల్లిదండ్రులకు పుట్టింది, ఎంత ఎత్తు, ఎవరింటికి వెళ్లింది అన్నీ నా దస్తూరీలోనే ఉన్నాయి. మొత్తం అరవై మూడు ఈతలు. అందులో ఏడు చోట్ల ‘పుట్టగానే పోయింది’ అని ఉంటుంది. అది అబద్ధం. ఆ ఏడూ వంకరగా పుట్టినవి. ముద్ద కూడా ఆ ఏడింటిలో ఒకటి. ఎర్ర సిరాతో దిద్ది, ఏది ఎన్నాళ్లు బతికిందో గుర్తున్నంతవరకు పక్కన రాశాను. రెండు చోట్ల సిరా పాకింది కాబట్టి సరిగ్గా చదవడానికి రాదు.

ఈ రిజిస్టరును కాల్చేస్తే బొత్తాం వంశానికి పత్రాలుండవు, పత్రాలు లేని పిల్లను పోటీల్లోకి రానివ్వరు, కొనేవాళ్లు తగ్గుతారు. ఒకరోజు పొయ్యి దాకా తీసుకెళ్లాను కూడా. కానీ మా గుర్రప్పిల్లలు ఎవరెవరి ఇళ్లల్లో ఉన్నాయో దీంట్లో తప్ప ఇంకెక్కడా లేదు. వాళ్లను హెచ్చరించాలంటే ఇదే కావాలి. వెనక్కి తెచ్చి అలమారలో పెట్టాను.

ముప్పై ఎనిమిది ఇళ్లకు ఉత్తరాలు రాశాను, మీ గుర్రంలో ఈ దోషం ఉండవచ్చు, పరీక్ష చేయించకుండా జతకట్టించకండి అని. పదకొండు ఉత్తరాలు అడ్రసు మారిందని తిరిగొచ్చాయి. తొమ్మిది జవాబులు వచ్చాయి. ఇద్దరు థాంక్సు చెప్పారు. ఒకరు తిట్టారు, ఆ తిట్లలో ఒక్కటి కూడా కొట్టిపారేయడానికి లేదు. మిగిలిన ఆరుగురూ రకరకాలుగా రాసిన మాట ఒక్కటే: మా గుర్రం బంగారంలా ఉంది, లేనిపోనివి మా నెత్తిన వేయకండి. వాళ్లను ఏమనగలను? ఆ మాట పదకొండేళ్లు నేనూ అన్నాను. డాక్టరమ్మ వీలున్నప్పుడల్లా మళ్లీ రాయవలసిందిగా కోరుతున్నాను. స్టాంపులు మిషను సొరుగులో ఉన్నాయి.

ఏడు. పెద్దమ్మాయి అనే ఆడగుర్రం ఒప్పందంలోకి రాదు. అది బొత్తాం సంతతి కాదు, నా కుట్టుపని సంపాదనతో విడిగా కొన్నాను. ముప్పై ఆరు అంగుళాలు. చెవులు పెద్దవి, నడక తప్పటడుగు, పోటీ మొహం ఎప్పుడూ చూడలేదు. మేమంతా దాన్ని చూసి నవ్వేవాళ్లం. పరీక్షలో దోషం లేదని వచ్చింది అదొక్కటే. దాన్ని డ్రాయింగ్ మాస్టారికి ఇస్తున్నాను. ఆయన మా దగ్గర ఒక జత కొని, మా మాట నమ్మి, రెండేళ్లు వరుసగా వంకర పిల్లల్ని పాతిపెట్టారు. రెండోసారి తల్లి కూడా ఈతలోనే పోయింది. పిల్ల తల మరీ పెద్దదై అడ్డంపడిందట. ఆయన నా దగ్గరికి వచ్చి ఒక్క మాట తూలలేదు. చచ్చిన గుర్రం బొమ్మ పెన్సిలుతో వేసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. మాస్టారూ, పరీక్ష చేయించిన పోతుతోనే దీన్ని జతకట్టించండి, లేకపోతే ఊరికే పెంచుకోండి. బెల్లం ముక్క చూపిస్తే ఎంత దూరమైనా వస్తుంది, వర్షంలో మాత్రం అడుగు వేయదు.

ఎనిమిది. మా మరిదికి కప్పులన్నీ, ఫోటోలన్నీ, మా ఆయన వేసుకున్న నల్లకోటు. మొదటి కప్పు మీద మా మరిది తన పేరొక్కటే చెక్కించుకున్నాడు. ఆ పోటీలో గుర్రాన్ని నడిపించవలసింది మా ఆయన. కాలు బెణికి బెంచీ మీద కూర్చుంటే ఇతను తీసుకెళ్లాడు. కప్పు మీద ఇంకో పేరు పట్టేంత చోటుంది. మా ఆయన ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు కాబట్టి నేను ముప్పై ఏళ్లుగా ఎత్తుతూనే ఉన్నాను.

ఈ క్లాజులో ముందు ఒక షరతు పెట్టాను. గుండుసూదికి విత్తులు తీయించే కాగితం మీద సంతకం పెడితేనే ఇవన్నీ ఇవ్వాలని. చట్టప్రకారం చెల్లుతుందని లాయరుగారు సంతోషంగా చెప్పారు. తరువాత నేనే కొట్టేశాను. మా మరిది చెడ్డవాడు కాదు. పెళ్లాం పోయింది, పిల్లల్లేరు. పొద్దున్నే వచ్చి బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, ఒక్కో గుర్రానికీ జూలు దువ్వి, దువ్విన ప్రతిదానితోనూ ఏదో ఒకటి మాట్లాడతాడు. నేను ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు గుమ్మం దగ్గర నన్ను ఎత్తుకుని లోపలికి తెచ్చాడు, అతనికీ అరవై ఆరేళ్లు. దోషం సంగతి అతనికి అర్థం కాక కాదు. ఒప్పుకుంటే అన్నయ్యతో కలిసి మొదలుపెట్టిన ఈ ముప్పై మూడేళ్లూ తప్పయిపోతాయని భయం. ఆ భయానికి కప్పులు లంచమిచ్చి సంతకం కొనలేను. ఊరికే ఇస్తున్నాను. తీసుకుని ఆలోచిస్తాడేమో చూడాలి. చూడటానికి నేనుండను.

తొమ్మిది. ఈ గుర్రాలు ఎవరి చేతిలో ఉన్నా వాళ్లకు ఈ కింది మాటలు. వీటిని పాటించి తీరాలని శాసించే హక్కు నాకు లేదట, కోరుకోవచ్చట. కోరుకుంటున్నాను. కుదుళ్లతో వెంట్రుకలు పంపి, జవాబు చివరిదాకా చదివి, ఆ తరువాతే జతకట్టించండి. దోషమున్న రెంటిని ఎప్పుడూ కలపకండి. దవడ సరిగ్గా కలవనిదాన్ని, మోకాలిచిప్ప జారేదాన్ని ఎంత ముద్దొచ్చినా తల్లిని చేయకండి. మరీ పొట్టి ఆడగుర్రాలకు ఈత ప్రాణం మీదికి వస్తుంది, మూడేళ్లు నిండనిదాన్ని అసలే ఆ జోలికి తీసుకెళ్లకండి. చూలుతో ఉన్నది ఒక్క పూట మేత మానేసినా డాక్టరుకు కబురుపెట్టండి, ఒంట్లో కొవ్వంతా రక్తంలోకి దిగి రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది. ఒక్క అంగుళం తక్కువ కోసం ఆశపడకండి. ఇవన్నీ డాక్టరమ్మ చెప్పగా రాసినవి, చివరిది నాది.

పది. గిట్టలు చెక్కే ఆయనకు ఏమీ ఇవ్వడం లేదు. వీలునామాలో ఏదైనా పొందేవాళ్లు సాక్షి సంతకం చేయకూడదని లాయరుగారు చెప్పారు. ఈ ఊళ్లో నేను నమ్మే సంతకం ఆయనదొక్కటే. నా పెద్ద గొడుగు ఆయనకివ్వాలని ఉండేది. బతికుండగానే ఇచ్చేశాను, కాబట్టి ఇది లెక్కలోకి రాదు.

పదకొండు. గవ్వ కడుపులో ఉన్న పిల్ల సంగతి. వంకరగా పుడితే, దానికి బాధ లేకుండా చేసే నిర్ణయం డాక్టరమ్మది. నా సగానికి సంబంధించిన ఒప్పుదల ఈ కాగితమే అనుకోవాలి. మా మరిది ఒప్పుకోకపోతే ఆమె చేతులు కట్టేసినట్టే. అప్పుడు కనీసం దాని దగ్గర ఎవరైనా కూర్చోవలసిందిగా ప్రార్థన. చక్కగా పుడితే, పరీక్ష ఫలితం వచ్చేదాకా దాన్ని ఎవరికీ చూపించవద్దు, ఎవరికీ మాటివ్వవద్దు.

ఇక్కడితో వీలునామా పూర్తయింది. రేపు సాయంత్రం నాలుగు గంటలకు లాయరుగారు, సాక్షులు వస్తారు.

పన్నెండు. ఈ క్లాజు మర్నాడు మధ్యాహ్నం రాస్తున్నాను. పదకొండు గంటలకు గవ్వ ఈనింది.

డాక్టరమ్మ సమయానికే వచ్చింది. మా మరిది గవ్వ తల పట్టుకున్నాడు, నేను కుర్చీలో కూర్చున్నాను. ఆడపిల్ల. అరగంటలో లేచి నిలబడింది. ముంగాళ్లు నిటారుగా ఉన్నాయి. డాక్టరమ్మ దవడ తెరిచి చూసింది, మోకాళ్లు నొక్కి చూసింది, గొంతు దగ్గర చెవి పెట్టి విన్నది. అన్నీ బాగున్నాయి. మా మరిది కండువాతో మొహం కప్పుకుని ఏడ్చాడు. “చూశారా వదినా, అన్నయ్య ఉంటే ఎంత మురిసిపోయేవాడో” అన్నాడు. డాక్టరమ్మ తోకవెంట్రుకలు కుదుళ్లతో తీసి కవర్లో పెట్టింది. ఫలితానికి మూడు వారాలు పడుతుంది. మరుగుజ్జుగా పుట్టలేదు కాబట్టి, ఇక దోషం మోసేది కావడానికి మూడింట రెండు పాళ్లు అవకాశముందని మెల్లగా చెప్పింది. మా మరిది వినలేదు. అప్పటికే ఫోను తీసి ఫోటోలు తీస్తున్నాడు.

అతని గురించి రాయడానికి ఈ క్లాజు పెట్టలేదు. నా గురించి.

అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. లేవకూడదని ఆస్పత్రిలో చెప్పారు. పిల్ల పక్కన కూలబడి, నేల నుంచి దాని భుజం దాకా జానలు వేసి కొలిచాను. రెండు జానలు, పైన ఒక్క వేలు. బొత్తాం సంతతిలో ఇంత పొట్టిది ఇంతవరకు పుట్టలేదు. నాకు సంతోషం వేసింది. దాచను, ఒళ్లంతా పులకరించింది. దీన్ని ఎవరితో జతకట్టిస్తే ఎంతుండే పిల్ల పుడుతుందో నా మనసు అప్పుడే లెక్క వేసేసింది. ఏడు చోట్ల ఎర్ర సిరాతో దిద్దిన చేత్తోనే దాన్ని కొలిచాను. నిన్న రాసిన పదకొండు క్లాజుల్లో ఒక్కటి కూడా ఆ నిమిషంలో గుర్తు రాలేదు.

ఇంతకాలం మా మరిదిని ఆపలేకపోతున్నానని ఏడ్చాను.

అందుకని లాయరుగారికి ఫోను చేసి ఇంకో క్లాజు అడిగాను. ఈ రోజు తరువాత నేను ఈ వీలునామాను మార్చమని అడిగినా, కొట్టేయమని అడిగినా, ఆ పిల్ల మీద మోజుతో ఎంత బతిమాలినా, ఎవరూ నా మాట వినకూడదని. అలాంటి షరతు చెల్లదమ్మా అన్నారు. బతికున్న మనిషి తన వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చట, ఆ హక్కును నా దగ్గర నుంచి నేను కూడా లాక్కోలేనట. చెల్లకపోయినా రాస్తున్నాను.

పిల్లను ఇంకొక్కసారి చూస్తే ఏం చేస్తానో నాకు నమ్మకం లేదు. శాల వైపు కిటికీ మూయించి, నాలుగింటి దాకా ఆగకుండా లాయరుగారిని, సాక్షులను ఇప్పుడే రమ్మని కబురు పంపాను. పిల్ల సకిలిస్తోంది. వాళ్లు వచ్చేదాకా కుర్చీలోంచి లేవనివ్వవద్దని మా అమ్మాయిని నా దగ్గర కూర్చోబెట్టుకున్నాను. అది నా మణికట్టు పట్టుకునే ఉంది.

తేదీ: పద్నాలుగు మార్చి, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు.

వీలునామా రాసిన మనిషి సంతకం: గుర్రాలత్త (కుడిచేయి అమ్మాయి పట్టులో ఉన్నందున ఎడమచేత్తో చేసినది)

సాక్షులు, మా ఇద్దరి ఎదుటా ఆమె తెలివితో సంతకం చేశారని ధ్రువపరుస్తూ:
1. గిట్టలు చెక్కే ఆయన
2. వీధి చివర ఫోటోస్టాట్ షాపు ఆవిడ